మాను తొలుచు పురుగు – యాష్ చెట్టుకు మందులు



నేను ముప్పది యేండ్లకు పైగా పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసికొనుచున్నవాడను. వైద్యుడను కాను, వ్యవసాయశాస్త్రము చదివినవాడను కాను. అట్టివాడు మందులను గూర్చి, అందును మన ఊళ్లలో పెరుగని యొక చెట్టునకు వేయు మందులను గూర్చి మాటలాడ బూనుట చూచి మీరు నవ్వవచ్చును. కారణము చెప్పెదను. అమెరికాదేశమున మా అమ్మాయి యింటిముందర రెండు చెట్లుండెను. అందులో పెద్దది చచ్చిపోవుటకు నా పాండిత్యము కొంత కారణమైనది. ప్రక్కనున్న చిన్నది బ్రదికినది. ఒకటి యెందుకు పోయెనో, రెండవది యెందుకు నిలిచెనో తెలిసికొనుటకై నేను తరువాత చాల చదివితిని, తెలిసినవారి నడిగితిని. అందులో మీ తోటలకు పనికివచ్చునదియు కొంత కలదు.

ఆ చెట్టు పేరు యాష్. ఆంగ్లమున ఆ మాటకు బూడిద యనియు నర్థము కలదు గనుక మా ఊరివారు దానికి బూడిదచెట్టని పేరుపెట్టి పరిహాసము చేసిరి. నిజమునకు ఆ రెండు మాటలకు సంబంధము లేదు. ధ్వని యొక్కటి, పుట్టుక వేరు. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని మన మల్లె, జాజి, పారిజాతములు చేరిన కుటుంబమున జేర్చినారు. పువ్వును చూచిన ఆ బంధుత్వమును ఎవరును నమ్మరు. వాసన లేదు, అందము లేదు. పుప్పొడిని గాలియే మోసికొనిపోవును. నీడ మాత్రము మిక్కిలి చల్లనిది. కర్ర గట్టిది, సాగుడు గలది. పారలకు గొడ్డళ్లకు కామలు, వారాడు బేస్‌బాల్ ఆటకు బ్యాట్లు దానితో చేయుదురు. పూర్వ మచ్చటి వీధులకు ఎల్మ్ అను చెట్టు శోభ. దానికి తెగులు వచ్చి చచ్చినప్పుడు పురపాలకులు చాలచోట్ల దాని స్థానమున యాష్ చెట్లను బారులు బారులుగా నాటిరి. ఒక జాతిచెట్టుతో దెబ్బతిని, మరల వీధి పొడుగున ఒక జాతిచెట్టునే పెట్టిరి.

ఇక పురుగు. మీరు చిన్ననాడు తుమ్మచెట్ల మీద పట్టి అగ్గిపెట్టెలో దాచుకొనిన జీరంగి జ్ఞాపకమున్నదా? ఇది ఆ కుటుంబములోనిదే. అయితే మిక్కిలి చిన్నది, సన్ననిది. పొడవు అర అంగుళమునకు మించదు. మరకతమువలె పచ్చగా మెరయును. పుట్టినిల్లు చీనాదేశపు ఈశాన్యభాగము, కొరియా, రష్యా తూర్పుకొస. అచ్చటి యాష్ చెట్లకు దీనితో తరతరముల పరిచయము. నీరసించిన చెట్టును మాత్రమే ఇది చంపగలదు. సరకులు కట్టి పంపిన కొయ్యపెట్టెలలో దాగి 1990 తరువాతి యేండ్లలో ఇది అమెరికాకు చేరినదని తలచుచున్నారు. 2002 సంవత్సరమున మిచిగన్ రాష్ట్రములో డెట్రాయిట్ నగరపు చుట్టుప్రక్కల చెట్లు గుంపులుగా ఎండిపోవుచుండగా దీనిని కనుగొనిరి. అప్పటికే అది సంవత్సరముల తరబడి కాపురము చేసియున్నది. మా అమ్మాయివారుండు న్యూజెర్సీ రాష్ట్రమున 2014లో కనబడినది. నేడు ముప్పదికి పైగా రాష్ట్రములలో నున్నది. చచ్చిన చెట్ల లెక్క కోట్లలోనికి పోయినది. పురుగు తన రెక్కలతో పోయిన దూరము కొంత; మనుష్యులు వంటచెరకుగా బండ్లలో మోసిన దూరము ఎక్కువ.

ఇది చెట్టు నేవిధముగ చంపునో తెలియనిదే మందుల తారతమ్యము తెలియదు. మన మామిడిని తొలుచు పురుగు మీకు తెలిసినదే. అది మానులోనికి పెద్ద బెజ్జము చేసికొని పోవును; రంపపు పొట్టు బయట రాలును; జిగురు కారును. మనము ఇనుపకమ్మీ వంపుతో పురుగును లాగి, దూదిని మందులోనో కిరసనాయిలులోనో తడిపి బెజ్జమున దూర్చి, బంకమట్టితో మూయుదుము. శత్రువు ఒకడు, వాని యింటి గుమ్మము ఒకటి, ఆ గుమ్మము కనబడుచునేయున్నది. యాష్ చెట్టు మీది జీరంగి అట్లు చేయదు. వేసవి తొలినాళ్లలో వెలువడి, ఆకులు కొంచెము కొరికి, బెరడు పగుళ్లలో గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగు బెరడు క్రింది మెత్తని పొరలోనికి దూరి, పాము నడచినట్లు మెలికలు మెలికలుగా తినుచు పోవును. ఆకులు వండిన ఆహారము వేరునకు దిగు త్రోవ ఆ పొరయే. ఒక్క పురుగు ఏమియు చేయలేదు. వందలు చేరినప్పుడు ఆ మెలికలన్నియు కలిసి, మానుచుట్టును బెరడు ఒలిచినదానితో సమానమగును. పొట్టు బయటికి రాదు. బెజ్జము కనబడునది పురుగు పెద్దదై వెళ్లిపోయినపిమ్మటనే. అదియు అర్ధచంద్రుని బోర్లించినట్లు ఒకప్రక్క చదునుగా, అంగుళములో ఎనిమిదవ వంతు మాత్రముండును. పైగా తొలిదాడి సాధారణముగ చెట్టు తలమీదనే జరుగును. క్రిందనుండి చూచువానికి తెలియునప్పటికి రెండుమూడేండ్లు గడచియుండును. కమ్మీతో లాగుటకు ఎవ్వరివలనను కాదు. మందే చెట్టు రక్తములో చేరి ప్రతి పురుగు నోటికిని అందవలయును.

ఈ సంగతి 2019 జూన్ నెలలో నాకు తెలియదు. నేను మా అమ్మాయి యింటికి మొదటిమారు పోయినది అప్పుడే. పెద్దచెట్టు తలయందు నాలుగవవంతు పలుచబడియుండెను. ప్రక్కయింటాయన వృక్షవైద్యుని పిలువుమని చెప్పిపోయెను. అచ్చట చెట్లకు వైద్యము చేయుటకు పరీక్షలిచ్చి పట్టము పొందినవారున్నారు. మా అల్లుడుగారు పిలుతమనిరి. నేను, "చెట్టునకు సూదిమం దేమిటి బాబూ! మనకు వేపనూనె లేదా?" అంటిని. అంతటితో నూరకుండక వృక్షాయుర్వేదము నెత్తికొంటిని. సురపాలుని గ్రంథము, వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డ్‌లో నుండినది, 1996లో సికింద్రాబాదు నుండి ఆంగ్లానువాదముతో వెలువడినది. అందులో పురుగులకు వాయువిడంగములు మొదలగు ద్రవ్యములు చెప్పబడినవి. ఇదంతయు నొక గంటసేపు వినిపించితిని. మా అమ్మాయి, "నాన్నగారూ, ఇచ్చటివారిని ఒకమారు అడిగి చూతమా?" అన్నది. నేను వినలేదు. అల్లుడుగారు, "మామయ్యగారూ, తమరు చెప్పినట్లే చేయుదము" అనిరి. ఆ మాటలో నమ్మకముకంటె మర్యాద హెచ్చుగా నుండెనని ఇప్పుడు తెలియుచున్నది. వేపనూనె తెప్పించి రెండు మానులకును నిలువెత్తున పూయించితిని. వారముదినములు వీధివీధంతయు ఆ వాసనయే. ఎదురింటివారి కుక్క మా వైపు రాక మానుకొన్నది. పురుగు మానుకొనలేదు.

మరుసటియేడు మహమ్మారి వచ్చి రాకపోకలు నిలిచిపోయినవి. చెట్టు సంగతి ఎవరికిని పట్టలేదు. 2021 వసంతమున పెద్దచెట్టు సగమునకు పైగా చిగుర్చలేదు. మొదటినుండి పిలకలు వేసినది. వడ్రంగిపిట్టలు పురుగులకై బెరడును చెక్కి తెల్లగా చేసినవి. అప్పుడు పిలిచిరి వైద్యుని. ఆయన పెద్దచెట్టును చూచి తల యడ్డముగ త్రిప్పెను. తలలో సగము పోయిన చెట్టునకు మందు పోసినను దానిని పైకి మోయు త్రోవలు మిగిలియుండవు. మందును చేరవేయవలసినది చెట్టే గదా! మూడవవంతు లోపల నున్నప్పుడు పట్టినచో చాలవరకు కోలుకొనునట. చిన్నచెట్టు ఆ హద్దులోపల నుండెను. 2019లోనైతే పెద్దదియు ఆ హద్దులోపలనే యుండెను.

2022లో నేను మరల పోయినప్పుడు ఆ వైద్యుడు చిన్నచెట్టును చూడవచ్చెను. వేపనూనె కథ విని నవ్వునేమో యనుకొంటిని, నవ్వలేదు. "మీ మందు తప్పు కాదు, మీరు పంపిన త్రోవ తప్పు" అనెను. నూనె బెరడుమీదనే నిలిచిపోవును, లోపలికి దిగదు. కాని వేపగింజలోని సారము, 1968లో ఇంగ్లండున వేరుచేయబడిన అజాడిరాక్టిన్ అను పదార్థము, కెనడాదేశమున ఈ పురుగు మీదనే మందుగా వాడుచున్నారట. దానిని మానులోనికి ఎక్కించెదరు. ఆ పేరు నాకు మరీ రుచించినది. పారసీకులు వేపకు పెట్టిన "ఆజాద్ దరఖ్త్", స్వేచ్ఛగల చెట్టు, అన్న మాటనుండి వచ్చినది. అది పురుగును విషమువలె వెంటనే పడగొట్టదు. పిల్లపురుగు కుబుసము విడిచి ఎదుగకుండ చేయును. దానిని తినిన ఆడుపురుగు పెట్టిన గ్రుడ్లు సరిగ పొదుగవు. ఆకులు రాలునాటికి చాలవరకు విరిగిపోవును గనుక నీటికిని నేలకును బాధ తక్కువ. లోప మేమనగా, పురుగు ఉధృతముగ నున్నచోట ఏటేట ఎక్కించవలెను. ఉధృతి తక్కువైనచోట రెండేండ్లకొకమారు చాలును.

తక్కిన మందుల పేర్లు విని నాకు మరింత ఆశ్చర్యమైనది. గుంటూరు మిరపరైతు నోట వినబడు పేర్లే అవి.

మొదటిది ఇమిడాక్లోప్రిడ్. పొగాకులోని నికోటిను పనిచేయు తీరుననే పురుగు నరములను పట్టునది. దీనిని నీట కలిపి చెట్టు మొదట, మానుకు ఆనుకొని, నేలలో పోయుదురు. వసంతముననో, ఆకురాలు కాలముననో ఏటికొకమారు పోయవలెను. చౌక. గృహస్థు తానే చేసికొనవచ్చును. అయితే వేరు పీల్చి తలకు చేర్చుటకు నాలుగైదు వారములు పట్టును. చిన్నచెట్లకు బాగుగ పనిచేయును. లావుచెట్లకు హెచ్చు మోతాదు కావలెను, ఒక్కయేడును తప్పరాదు. ఒహాయో రాష్ట్రమున అట్లు విడువక పోసిన పెద్దచెట్లు పురుగు ఉప్పెనవలె వచ్చిన కాలమునందును నిలిచినవి. దీనితో భయము నేలను గూర్చి. ఇసుకనేలలోను, నీరు పైననే తగులు చోటను పోసిన మందు బావిలోనికి దిగవచ్చును. మొదట పూలమొక్కలున్న అవియు పీల్చి తేనెటీగలకు విషమిచ్చును. ఈ తేనెటీగల కారణముననే ఐరోపా దేశముల సమాఖ్య 2018లో దీనిని బయలు పొలములలో వాడరాదని శాసించినది.

దానికి చుట్టమే డైనోటెఫ్యూరాన్. నీటిలో మిక్కిలి సులభముగ కరగును. దీనిని నేలలోనే పోయనక్కరలేదు. మాను క్రిందిభాగమున అయిదారడుగుల యెత్తువరకు చల్లినను బెరడు గుండ లోనికి దిగి రెండుమూడు వారములలో పైకి ఎక్కును. నేను నూనెతో చేయబోయిన పని ఇది చేయుచున్నది! అయితే ఎంత వేగముగ ఎక్కునో అంత వేగముగ పోవును, ఏటేట చల్లవలసినదే. దీనిని తెలియక వాడిన కీడు చెప్పెదను. 2013 జూన్‌లో ఆరెగాన్ రాష్ట్రమున ఒక అంగడి ఆవరణలో పూచియున్న లిండెన్ చెట్ల మీద దీనిని చల్లగా, చెట్లక్రింద వేలకొలది తుమ్మెదలు చచ్చి కుప్పలుపడినవి. యాష్ పువ్వునకు తేనె లేదు గనుక ఆ భయము తక్కువ. మందుడబ్బా మాత్రము ఆ రెండు చెట్లకును ఒక్కటే.

మూడవది ఎమామెక్టిన్ బెంజోయేట్. మన ప్రత్తి, మిరపచేలలో కాయతొలుచు పురుగునకు కొట్టు మందే. దీని పుట్టుక చిత్రమైనది. జపానుదేశపు మట్టిలో సతోషి ఒమురా అను శాస్త్రజ్ఞుడు కనుగొనిన ఒక సూక్ష్మజీవి దీనికి మూలము. ఆ మూలమునుండియే మనుష్యుల ఏనుగుకాలు వ్యాధికిని, ఆఫ్రికాలోని నదీతీరపు గ్రుడ్డితనమునకును మందు వచ్చినది. అందులకై 2015లో ఆయనకును విలియం కాంబెల్ అను నాయనకును నోబెల్ బహుమాన మిచ్చిరి. చెట్టునకు దీనిని చల్లినను పోసినను లాభము లేదు, మానులోనికి ఎక్కించవలసినదే. నేలకు దగ్గరగా మానుచుట్టును కొన్ని అంగుళముల కొకటిగ బెజ్జములు వేసి, బిరడాలు బిగించి, ఒత్తిడితో మందు పంపుదురు. మోతాదు మాను లావును బట్టి. ఆ లావును నేలకు నాలుగున్నర అడుగుల యెత్తున కొలుతురు. ఆకు పూర్తిగ విప్పినపిమ్మట, నేల తడిగా నున్నప్పుడు, ఉదయమున ఎక్కించినచో చెట్టు త్వరగా పీల్చును. మిచిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు మందు వేసిన చెట్లను నరికి, బెరడు ఒలిచి, పురుగులను లెక్కించి చూచిరి. ఎమామెక్టిన్ ఎక్కించిన చెట్లలో, మందు లేని చెట్లతో పోల్చగా, నూటికి తొంబదితొమ్మిదికి పైగా పురుగులు తగ్గినవి. తక్కిన రెండు మందులు అంతటి నిలుకడ చూపలేదు. పైగా ఒకమారు ఎక్కించిన రెండేండ్లు తప్పక నిలుచును. పురుగు తగ్గిన ప్రాంతములలో మూడేండ్లును నిలుచునందురు.

ఇన్ని గుణములున్నను లోపములు రెండు. పనిముట్లు, అనుభవము గల మనిషి కావలెను, ఖర్చు హెచ్చు. మానుకు బెజ్జము వేయుట గాయమే. ఆరోగ్యముగ నున్న యాష్ చెట్టు దానిని త్వరగ పూడ్చుకొనును గాని, మరల మరల ఎక్కించునప్పుడు పాతచోట వేయరాదు. కేవలము బెరడు మీదను ఆకుల మీదను పిచికారి కొట్టు పద్ధతి యొకటి కలదు. దానిని గూర్చి చెప్పవలసినది కొంచెమే. పురుగు బెరడులోనికి దూరిన పిమ్మట అది అందదు. గాలికి ఎగిరి పొరుగువాని ముంగిట పడును.

నేనే గృహస్థుడనైన యెడల ఏది వాడుదునని మీరడుగవచ్చును. పెద్దచెట్టు, ఇంటికి నీడనిచ్చునది, పురుగు ఇప్పటికే వచ్చిన ఊరు అయినచో ఎమామెక్టిన్. పురుగు ఇంకను పలుచగా నున్నచోట, చెరువుగట్టున నున్న చెట్టునకు వేపసారము. మాను జానెడు లావు మించని పిల్లచెట్టునకు, బావి దగ్గర లేనిచో, ఇమిడాక్లోప్రిడ్. పురుగు పది పదునైదు మైళ్లలోనికి వచ్చినదని తెలియక ముందే మందు వేయుట డబ్బు దండుగ. సగము ఎండిన చెట్టునకు వేయుటయు అంతే.

అడవుల సంగతి వేరు. కోట్ల చెట్లకు సూదిమందు ఎవరు వేయగలరు? అందుచేత చీనానుండి ఈ పురుగునే నమ్మి బ్రదుకు మిక్కిలి సన్నని కందిరీగ జాతులను తెచ్చి 2007 మొదలు అడవులలో విడుచుచున్నారు. కొన్ని గ్రుడ్లలోను, కొన్ని పిల్లపురుగులలోను తమ సంతానమును పెట్టును. చిన్నచెట్ల యందు వానివలన మేలు కనబడుచున్నది. దళసరి బెరడుగల పెద్దచెట్లలోని పురుగు చాలవరకు వానికి అందుటలేదు. నల్లయాష్ చెట్టు కర్రను బాది పొరలు తీసి బుట్టలల్లు ఆదివాసులు అచ్చటి ఉత్తరప్రాంతములలో నున్నారు. వారి చెట్లు చిత్తడి అడవులలో నుండును. బండిమీద వైద్యుడు అచ్చటికి పోడు. మేదరికి వెదురు లేకుండ పోయిన నెట్లుండునో ఊహింపుడు.

మన తోటలకు ఒక హెచ్చరిక. ఈ కథ విని ఎవరైన మామిడిమానుకు బెజ్జములు వేసి ఎమామెక్టిన్ పోయ బూనెదరేమో, అట్లు చేయకుడు. యాష్ కాయను ఎవరును తినరు. చెట్టంతయు ఎక్కిన మందు పండులోనికి రాదని ఎవరు చెప్పగలరు? మామిడి పురుగునకు కమ్మీయు దూదియు బంకమట్టియు నేటికిని తగినవే. కొబ్బరికి నల్లి తగిలినప్పుడు లేతవేరును ఏటవాలుగ కోసి, వేపమందు సంచిలో ముంచి కట్టి త్రాగించుటను కోనసీమలో నేను కన్నులార చూచియుంటిని. 2019లో న్యూజెర్సీలో వేపనూనె డబ్బా పట్టుకొని నిలుచున్నప్పుడు ఆ సంచి నాకు జ్ఞాపకము రాలేదు. శ్లోకములు మాత్రము వచ్చినవి.

పెద్దచెట్టును 2021 శరత్కాలమున నరికించిరి. ఎండిన యాష్ పెళుసు. ఇంటిమీద విరిగిపడునని భయము. మా అల్లుడుగారు బెరడు ముక్క నొకటి దాచియుంచి, నేను పోయినప్పుడు చూపిరి. లోపలివైపున అరచేయంత చోటనే ఎన్ని మెలికలున్నవో లెక్క తేలలేదు. ఆయన ఒక్క మాటయు అనలేదు. మోడు ప్రక్కన ఓక్ మొక్క నాటిరి. చిన్నచెట్టునకు 2021, 2023, 2025 సంవత్సరముల జూన్ నెలలలో మందు ఎక్కించిరి, తల నిండియున్నది. రాబోవు మందు 2027లో. ఆ యేడు నేను అచ్చట నుండినచో బెజ్జములు ఎచ్చట వేయుదురో దగ్గరనుండి చూడవలెనని కోరిక.